చుక్కల మిషను చావలేదు

బ్రెయిల్ అచ్చుగది,
సోమవారం

పిన్నీ,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేంటి, పిల్లకి మతి పోయిందా అనుకుంటున్నావు కదూ? ఇంట్లో ఫోన్ పట్టుకుంటే అమ్మ చెవులు తలుపుకి అతుక్కుపోతాయి. ఇక్కడ పట్టుకుంటే ఆఫీసరు చెవులు. అందుకే లాప్‌టాప్‌లో టైపు చేసి పోస్టులో వేస్తున్నాను. నువ్వు కూడా అచ్చుగది అడ్రసుకే రాయి. చూపు లేని దాన్ని, ఎవరో ఒకరు చదివిపెట్టాలి కాబట్టి మా బైండరు బాబాయి చదువుతాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఈ ఒక్క సంగతి మాత్రం కడుపులో దాచుకుంటానని ఒట్టేశాడు.

సంగతేంటంటే, మా చుక్కల మిషను ఆగిపోయింది. కాగితం మీద బ్రెయిల్ చుక్కలు కొట్టే మిషను ఉంది కదా, దాన్ని నడిపే కంప్యూటరు లేవట్లేదు. కంపెనీ సర్వీసు మనిషి వచ్చి, బయాస్ కొత్తది ఎక్కిస్తే చురుగ్గా పనిచేస్తుందని ఏదో మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా బెల్లు కొట్టారు. బెల్లు కొట్టగానే మెయిన్ ఆపేయాలని మా ఆఫీసరు రూలు. వాచ్‌మన్ పాపం రూలు ప్రకారం టక్కున ఆపేశాడు. అంతే. అప్పట్నుంచి స్విచ్ వేస్తే దాని లోపలి ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. బీప్ లేదు, పాడూ లేదు.

మర్నాడు ఆ సర్వీసు మనిషి వచ్చి చెయ్యి దులిపేసుకున్నాడు. కంప్యూటరు లోపలి బోర్డు పోయిందట. ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదట. వేరే కంప్యూటరు పెడదామంటే, మిషను ప్రోగ్రాముకి ఆ బోర్డు నంబరుతోనే తాళం వేసి ఉందట, వేరే బోర్డు మాట వినదట. ఈ గది ఎప్పుడు మూసేద్దామా అని చూసే మా ఆఫీసరు ఎంత సంతోషించాడో గొంతులోనే తెలిసిపోయింది. మొత్తం స్క్రాపుకి రాసేశాడు. వచ్చే నెల లారీ వస్తుంది, ఆ తర్వాత అచ్చుగదికి తాళం. నన్ను తీసుకెళ్ళి ముందు గదిలో ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చోబెడతారట. అక్కడ అడిగేవాడూ ఉండడు, చెప్పేదీ ఉండదు.

పిల్లల లెక్కల పుస్తకం సగంలో ఉంది పిన్నీ. త్రికోణాలు అయ్యాయి, వృత్తాలు కాలేదు. చూపున్న పిల్లలు పుస్తకం మొత్తం ముందేసుకుని చదువుకుంటుంటే, మా పిల్లలు సగం పుస్తకంతో పరీక్ష రాయాలా?

నువ్వు చచ్చిన బోర్డుల్ని లేపుతావు కదా. నిజం చెప్పు, ఇది నిజంగా పోయిందా?

నీ పిడుగు

*

రిపేరు షాపు, మెట్ల కింద,
శుక్రవారం

ఒసేయ్ పిడుగా,

పోలేదు! ఫ్యాను తిరిగి ఆగి తిరుగుతోందంటే బోర్డుకి ప్రాణం ఉంది, బుద్ధి లేదు. పొద్దున్నే నిద్ర లేవగానే నా చేతులెక్కడ, కాళ్ళెక్కడ అని చూసుకునే బుద్ధి ఒకటి ఉంటుంది కదా, కంప్యూటరుకి దాన్నే బయాస్ అంటారు. బ్యాటరీ బిళ్ళ పక్కన నీ చిటికెన వేలి గోరంత చిప్ ఉంటుంది, అందులో రాసి పెట్టి ఉంటుంది. పాతది చెరిపి కొత్తది రాస్తుండగా మీ మహానుభావుడు మెయిన్ లాగేశాడు. అటూ కాక ఇటూ కాక ఆగిపోయింది. చిప్‌లో మళ్ళీ సరిగ్గా రాస్తే లేచి కూర్చుంటుంది. ఆ సర్వీసు మనిషి చేతకాక పోయిందన్నాడు, చేతకాదని చెప్పుకోలేక.

బోర్డు ఊడదీసి నాకు పంపెయ్. నేను చూసుకుంటాను.

అయినా పిడుగా, ఒక మాట. ఆ ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చుంటే నష్టమేంటే? పైన ఫ్యాను ఉంది, మెత్తటి కుర్చీ, మెట్లెక్కే పని లేదు. రోజంతా ఆ మిషను దడదడల్లో చెవులు పోగొట్టుకోవడం ఎందుకు? ఊరికే అంటున్నాను, ఆలోచించు.

(చదువుతున్న బాబాయి గారూ, ఈ చివరి పేరా కాస్త మెల్లగా చదవండి, కోప్పడుతుంది.)

నీ పిన్ని

*

బ్రెయిల్ అచ్చుగది,
బుధవారం

పిన్నీ,

బాబాయి మెల్లగానే చదివాడు. అయినా కోపం వచ్చింది.

ఆ బల్ల పైన ఫ్యాను ఉందనీ, కుర్చీ మెత్తగా ఉంటుందనీ నీకెవరు చెప్పారు? నేను రాయలేదే! ఆ గదిలోకి నాతోపాటు వచ్చి చూసింది అమ్మ ఒక్కతే. అక్కా చెల్లెళ్ళిద్దరూ కూడబలుక్కుని నన్ను కుర్చీలో కూర్చోబెడదామనుకున్నారన్నమాట. సిగ్గుండాలి. నువ్వు షాపు పెట్టిన రోజుల్లో, ఆడది స్క్రూడ్రైవరు పట్టుకోవడమేంటని బీరువాలో దాచేసిందట కదా అమ్మమ్మ? అప్పుడు నువ్వు మెత్తటి కుర్చీ అడిగావా?

నాకు చూపు లేదని ఎవరూ జాలి పడక్కర్లేదు. పని లేకుండా చేసి జాలి పడితే మాత్రం ఊరుకోను. ఆ మిషను దడదడ నా చెవులకి బాధ కాదు. ఏ గేరు అరిగిందో, కాగితం ఎక్కడ ముడత పడిందో ఆ చప్పుడులోనే తెలుస్తుంది నాకు. ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది, అదే బాధ.

బోర్డు పంపడం కుదరదు. స్క్రాపు జాబితాలో ఎక్కాక గేటు దాటి ఒక్క స్క్రూ బయటికి పోకూడదు. సంచులు వెతుకుతున్నారు. కాబట్టి ఇక్కడే, దాని చోటులోనే, నేనే చేస్తాను. నువ్వు నేర్పిస్తే నేర్పించు. లేకపోతే ఇంకెవర్నైనా వెతుక్కుంటాను.

నీ అక్క కూతురు

*

రిపేరు షాపు,
ఆదివారం, షట్టరు దించి రాస్తున్నాను

పిడుగా,

దొరికిపోయాను. మీ అమ్మే ఫోన్ చేసింది, ఏడ్చింది. అచ్చుగది పోతే ఉద్యోగమే పోతుందేమో, ఆ కుర్చీ అయినా దక్కనీ, నువ్వు చెబితే వింటుంది అంది. అక్క ఏడిస్తే నేను మెత్తబడతాను, చిన్నప్పట్నుంచీ అంతే. నీ ఉత్తరం చదివాక మాత్రం చెంప చెళ్ళుమంది. ఇక నేను నీ పార్టీ. మీ అమ్మకి ఏం చెప్పాలో నాకు వదిలెయ్.

డబ్బాలో చిప్‌లో రాసే పరికరం పంపుతున్నాను, దాన్ని ప్రోగ్రామర్ అంటారు. అగ్గిపెట్టెంత ఉంటుంది, ఒకవైపు నీ లాప్‌టాప్‌కి పెట్టాలి. రెండోవైపు వైరు చివర బట్టల క్లిప్పులాంటి క్లిప్పు ఉంటుంది, అది చిప్‌ని పైనుంచి పట్టుకుంటుంది. చిప్‌కి ఒక్కో వైపు నాలుగు కాళ్ళు. క్లిప్పుకి ఎర్ర వైరు ఉన్న వైపే మొదటి కాలు రావాలి. నీకు ఎరుపు తెలీదు కాబట్టి ఆ వైరుకి దారంతో ముడి వేశాను. ముడి ఎటువైపు రావాలో సూదితో గుచ్చి బొమ్మ చేశాను. వేలితో చూసుకో, బొమ్మలో ఎలా ఉందో అలాగే పెట్టు. నీ కోసం కూర్చుని గుచ్చానే, రెండుసార్లు వేలికి దిగింది!

ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకెయ్. బిళ్ళ బ్యాటరీ కూడా తీసెయ్. ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లో ఉంది, కమాండ్లు టైపు చేస్తే నీ లాప్‌టాప్ చదివి వినిపిస్తుంది. ఒక్క మాట మాత్రం మెదడులో మేకు కొట్టుకో: ముందు చదవాలి, తర్వాతే రాయాలి. చిప్‌లో ఉన్నది ఉన్నట్టు రెండుసార్లు చదివి దాచు, రెండూ ఒక్కటేనా అని పోల్చు. కంపెనీ ఇచ్చిన కొత్త ఫైలు తెచ్చి నేరుగా రాసేశావో, చిప్ చివర్లో ఉన్న బోర్డు నంబరు కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు కంప్యూటరు లేస్తుంది కానీ మిషను తాళం తియ్యదు.

(బాబాయి గారూ, మీరు మాత్రం దేన్నీ ముట్టుకోకండి. కాపలా చాలు.)

నీ పిన్ని

*

బ్రెయిల్ అచ్చుగది,
గురువారం

పిన్నీ,

చంపేశాను అనుకుంటున్నాను.

భోజనాల టైములో అందరూ వెళ్ళాక, బాబాయి తలుపు దగ్గర దగ్గుతూ నిలబడ్డాడు. ప్లగ్గు పీకాను, బిళ్ళ తీశాను, చిప్ దొరికింది. నీ బొమ్మ వేలితో చూసి అచ్చం అలాగే క్లిప్పు పెట్టాను. కమాండు కొడితే చిప్ లేదంటోంది లాప్‌టాప్. మళ్ళీ కొట్టాను, లేదనే అంది. ఎందుకో అనుమానం వచ్చి క్లిప్పు సందులోంచి చిప్ మీద వేలు పెడితే సురుక్కుమంది! వెంటనే పీకేశాను. వేలు కాలింది, అది పర్లేదు. చిప్ కాలిపోయిందేమో.

ఇంకో సంగతి. క్లిప్పు పెట్టేముందు చిప్‌ని తడిమితే ఒక మూల చిన్న గుంట తగిలింది. అది మొదటి కాలి గుర్తేమో అనిపించింది. కానీ నీ బొమ్మలో ముడి అటువైపు లేదు, రెండోవైపు ఉంది. నువ్వు ఇన్నేళ్ళుగా చేస్తున్నదానివి, నాకేం తెలుసులే అని బొమ్మనే నమ్మాను.

నీకు చెప్పనిది కూడా చెప్పేస్తాను. మిషనుని ముట్టుకోకూడదని ఆఫీసరు నాకు రాతపూర్వకంగా ఇచ్చాడు. నువ్వు భయపడి వద్దంటావేమో అని దాచాను. ఇప్పుడు దొరికితే ఉద్యోగం సంగతి దేవుడెరుగు. అయినా సరే, ఇంకో చిప్ ఉంటే పంపు. మానను.

నీ పిడుగు

*

రిపేరు షాపు,
శనివారం, ఆత్రంగా

ఓసి పిచ్చిమొద్దూ, ఓసి నా తల్లీ!

తప్పు నాది! నీ ఉత్తరం చదివి ఆ బొమ్మ మళ్ళీ ఒకటి గుచ్చి చూశాను. నేను ముందువైపు నుంచి గుచ్చాను. బుడిపెలు లేచింది వెనకవైపు! నాకు ఎడమన కనిపించేది నీ వేలికి కుడిన తగిలింది. మీ బైండరు బాబాయి ముందువైపు చూసి బాగానే ఉందనుకుని ఉంటాడు, నువ్వు వెనకవైపు తడిమి అదే నిజమనుకున్నావు. ఒకే కాగితం పట్టుకుని చెరోవైపు! మీ అచ్చులో గుచ్చేవాళ్ళు తిరగేసి గుచ్చుతారని నువ్వే ఒకసారి చెప్పావు. పిన్నికి ఆ మాత్రం తెలిసే ఉంటుందని నువ్వనుకున్నావు. పిన్నికి తెలిసి చావలేదు.

ముడి గుంట వైపే రావాలి. ఆ గుంటే మొదటి కాలు. అది నీ వేలికి అందదని నేను బొమ్మ గుచ్చాను చూడు, నా తెలివికి చెప్పు దెబ్బ. చుక్క చుక్కా వేలితో చదివేదానికి గుంట అందదా?

నా మీద కోపం నాకుంది, నీ మీద కూడా ఉంది. నీ వేలు నిజం చెబుతుంటే నా బొమ్మ మాట ఎందుకు విన్నావే? ఇంకోసారి నేను చెప్పినా, నీ అమ్మ చెప్పినా, ఆ కంపెనీవాడి తాత దిగొచ్చి చెప్పినా, వేలికి తగిలిందే నమ్ము.

చిప్‌లు మొండివి, అంత తొందరగా చావవు. వెంటనే పీకావు కాబట్టి బతికే ఉంటుంది. క్లిప్పు తిప్పి పెట్టి మళ్ళీ చదువు. ఆఫీసరు రాతపూర్వకంగా ఇస్తే ఇచ్చాడు. నేనెందుకు వద్దంటాను?

పిన్ని

*

బ్రెయిల్ అచ్చుగది,
మంగళవారం

పిన్నీ!

బతికే ఉంది! ముడి గుంట వైపు పెట్టి కమాండు కొట్టగానే లాప్‌టాప్ చిప్ పేరు చదివింది. నేను కెవ్వుమన్నాను, బాబాయి దగ్గడం మానేసి లోపలికి పరిగెత్తుకొచ్చాడు, ఏ ఎలకో కరిచిందనుకుని. రెండుసార్లు చదివాను. పోల్చి చూస్తే రెండూ అక్షరం తేడా లేవు. ఫైలు ఈ కవర్లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో ఉంది.

వచ్చే వారం చివర్లో లారీ వస్తుందట. పగలు నన్ను ఆ బల్ల దగ్గరే కూర్చోబెడుతున్నారు. నిన్న ఒకాయన వచ్చి బాత్రూం ఎటు అని అడిగాడు. రోజంతటికీ అదొక్కటే ఎంక్వయిరీ. కుర్చీ మెత్తగానే ఉంది, నీకు కబురందించినవాళ్ళకి చెప్పు.

తొందరగా పంపు పిన్నీ. బతిమాలుతున్నాను, బెదిరిస్తున్నాను కూడా.

పిడుగు

*

రిపేరు షాపు,
శుక్రవారం

పిడుగా,

నేననుకున్నట్టే ఉంది. ముందు భాగమంతా ఖాళీ, చెరిపారు, రాయలేదు. చివర్లో బోర్డు నంబరు చెక్కుచెదరకుండా ఉంది. కంపెనీవాళ్ళ మంచి ఫైలు తెచ్చి, ముందు భాగం దాంట్లోంచి, చివరి ముక్క నీదాంట్లోంచి తీసి రెండూ అతికించాను. ఇది రాయి. రాశాక సరిగ్గా ఎక్కిందో లేదో ప్రోగ్రామే చదివి పోల్చుకుంటుంది, సరే అని చెప్పేదాకా దేన్నీ కదపకు. బెల్లు దగ్గర పడ్డప్పుడు మొదలుపెట్టకు. లాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచుకో, మీ వాచ్‌మన్‌ని నమ్మలేం.

మీ అమ్మతో మాట్లాడాను. గట్టిగానే అరిచాను. నీ కూతురు చేస్తున్న పని నా షాపుకొచ్చే మొగరాయుళ్ళు ఎవరూ చేయలేరు, నువ్వు కుర్చీ గురించి మాట్లాడతావేంటే అన్నాను. ఫోన్ పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తనే చేసి, దానికి చేతులు కాలకుండా ఏదైనా పంపు అంది. అక్క మెత్తబడిందంటే నమ్ము.

ఇక నీ ఇష్టం, నీ వేలు ఇష్టం.

పిన్ని

*

బ్రెయిల్ అచ్చుగది,
సోమవారం

పిన్నీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు. వరసగా చెబుతాను.

రాశాను. సరే అంది. క్లిప్పు తీసి, బిళ్ళ పెట్టి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. ఫ్యాను తిరిగింది. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని ఊపిరి బిగబట్టాను. ఆగలేదు. బీప్ అంది! పిన్నీ, అంత చిన్న చప్పుడికి నేనంత ఏడుస్తానని అనుకోలేదు. ప్రోగ్రాము తెరుచుకుంది, నంబరు తేడా ఉందని మొరాయించనే లేదు. మిషనుకి కాగితం పెట్టి ఒక్క పేజీ వదిలాను. దడదడదడ. మేడ మీద ఆఫీసరు కుర్చీ కదిలిన చప్పుడు కూడా వినపడింది.

దిగొచ్చాడు. ఇది ఎలా నడుస్తోంది అనలేదు. ఎవరు ముట్టుకోమన్నారు అన్నాడు. ఎవరూ అనలేదండీ, నేనే ముట్టుకున్నాను అన్నాను. బాబాయి నా పక్కన నిలబడి, నేను కాపలా కాశానండీ అన్నాడు, అడగకపోయినా! స్క్రాపు అయిన వస్తువుని ముట్టుకుని ఆజ్ఞ మీరావు, రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వు, పై ఆఫీసుకి పంపుతాను, లారీ మాత్రం వస్తుంది అన్నాడు. మెమో నా చేతిలో పెట్టాడు, నున్నటి కాగితం. నాకు అందులో ఏముందో తెలీదు. బాబాయి చదివిపెట్టాలి.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. చిన్నప్పట్నుంచీ నాకు వచ్చిన ప్రతి కాగితం ఎవరో ఒకరు చదివిపెట్టాల్సిందే. సరే, రాతపూర్వకంగానే కదా అడిగాడు, ఇస్తాను అనుకున్నాను. మిషను ముందు కూర్చుని సంజాయిషీ కొట్టాను. చుక్కల్లో. అడుగున సంతకం చోటు బాబాయితో చూపించుకుని సిరాతో వేలిముద్ర వేశాను, కవర్లో పెట్టి ఇచ్చేశాను. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడట, బాబాయి చెప్పాడు. ఇదేం కాగితం అన్నాడు. మీరు అడిగిన కాగితమేనండీ అన్నాను. అది పంపకపోతే తనదే తప్పవుతుంది కాబట్టి పంపక తప్పలేదు.

మూడో రోజు పై ఆఫీసు నుంచి ఫోను. నీ సంజాయిషీ వచ్చింది, మా దగ్గర చదివేవాళ్ళు లేరు, నువ్వే వచ్చి చదివిపెట్టాలి అని! నా మీద వచ్చిన ఫిర్యాదుకి నేనిచ్చిన జవాబు, చదవడానికి మళ్ళీ నేనే.

అమ్మ తోడొచ్చింది. బల్ల అవతల అక్కడి పెద్ద ఆఫీసరు, ఒకావిడ; పక్కన మా ఆఫీసరు. కాగితం నా చేతికిచ్చారు. వేలు పెట్టి పైకి చదివాను:

"మిషనుని ముట్టుకున్నది నేనే. వద్దని మీరు రాసిచ్చాక కూడా ముట్టుకున్నాను. పోయిందని మీరు రాసిన బోర్డు పోలేదు, మీవాళ్ళు సగంలో వదిలేశారు. మిగతా సగం నేను రాశాను. పనికిరాని మిషను అని మీ జాబితాలో ఉంది. మీ చేతిలో ఉన్న ఈ కాగితం ఆ మిషనే కొట్టింది. ఇంతకన్నా సంజాయిషీ నా దగ్గర లేదు. తప్పయిందని రాయను, ఎందుకంటే కాలేదు."

ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుంది. వేలితో మెల్లగా తడుముతున్న చప్పుడు వినపడింది, చుక్కల మీద. తర్వాత మా ఆఫీసరుని అడిగింది, పనిచేసే మిషనుని స్క్రాపుకి ఎలా రాశారండీ అని. ఆయన సర్వీసు మనిషి చెప్పాడన్నాడు. మరి మిషను నడిచాక కూడా లారీ ఎందుకు ఆపలేదు అంది ఆవిడ.

లారీ ఆగిపోయింది. అచ్చుగదికి తాళం వెయ్యరు. మెట్లు దిగుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, ఇంత గట్టిగా మాట్లాడొచ్చా పెద్దవాళ్ళతో అంది. తిడుతోంది అనుకున్నాను, చెయ్యి మాత్రం వదల్లేదు.

మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు పిన్నీ, ఆజ్ఞ మీరావు కాబట్టి ఫైల్లో ఉంటుందట. ఉండనీ. ఇంకోటి ఇచ్చినా జవాబు ఇలాగే కొడతాను. చదివిపెట్టమని మళ్ళీ నన్నే పిలవాలి.

నీ పిడుగు